ఎన్నడూ తలపడని జట్లలో మేటి ఎవరు?
అమెరికా కళాశాల ఫుట్‌బాల్ ర్యాంకుల వివాదం

ఫుట్‌బాల్ అనగానే హైదరాబాదు వాసులకు స్ఫురించే పేరు సయ్యద్ అబ్దుల్ రహీం గారిది. ఉపాధ్యాయుడుగా జీవితం ఆరంభించి, 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేళ్లు హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు రోవర్స్ కప్పు సంపాదించి పెట్టిన శిక్షకుడాయన. 1951లోను, 1962లోను ఆసియా క్రీడలలో భారత జట్టు స్వర్ణపతకం గెలిచినది ఆయన శిక్షణలోనే. అయితే మేము ఈ వ్యాసంలో ప్రస్తావింపబోయే ఫుట్‌బాల్ ఆయన ఆడించిన ఆట కాదు. అమెరికా వారు ఫుట్‌బాల్ అని పిలుచుకొనే ఆటలో కాలికి పని తక్కువ, చేతికి పని ఎక్కువ. జట్టుకు పదకొండుమంది ఆటగాళ్లు. రెండు కొసలా మొనదేలిన కోలబంతి. దానిని చేతబట్టుకొని పరుగెత్తి గాని, తోటివానికి విసిరి గాని ప్రత్యర్థి గీత దాటించగలిగితే ఆరు పాయింట్లు. తలకు శిరస్త్రాణం, భుజాలకు కవచం ధరించి ఒకరిమీదికొకరు దూకుతూ ఉంటే చూచేవారికి అది ఆట కంటె యుద్ధమనే అనిపిస్తుంది. ఆట నియమాలు ఇంతకు మించి మనకు ప్రస్తుతం అవసరం లేదు.

మనకు కావలసినది ఆ ఆట చుట్టూ ఏటా చెలరేగే వాదప్రతివాదం. దేశమంతటా చెల్లాచెదురుగా ఉన్న విశ్వవిద్యాలయాల జట్లలో మొదటిది ఏది, రెండవది ఏది, ఇరవై అయిదవది ఏది అన్న విషయమై పత్రికలలోను, ఫలహారశాలలలోను, కుటుంబాలలోను అక్కడ జరిగే తర్కం సామాన్యమైనది కాదు. పై చదువులకై ఆ దేశం వెళ్లే మన తెలుగు విద్యార్థులు శరత్కాలపు శనివారం నాడు విశ్వవిద్యాలయ పట్టణం యావత్తూ ఒకే రంగు చొక్కాలతో నిండిపోవటం చూచి మొదట విస్తుపోతారు. మన జట్టుకు ఈ వారం ఎన్నో ర్యాంకు అన్నది అక్కడ కుశలప్రశ్న వంటిది.

వివాదం పరాయి దేశానిదే గాని అందులోని ప్రశ్న మనకు పరాయిది కాదు. ఎన్నడూ ఒకరితో ఒకరు పోటీపడని ఇద్దరిలో అధికుడెవడో తేల్చటం ఎట్లా? ఒక బోర్డు వారి పరీక్షలో వచ్చిన తొంభై మార్కులకు, వేరొక బోర్డు వారి పరీక్షలో వచ్చిన ఎనభై మార్కులకు తారతమ్యం ఏది? చిన్న పట్టణపు కళాశాలలో ప్రథమ శ్రేణిలో నెగ్గిన విద్యార్థికి, పేరు మోసిన నగర కళాశాలలో ద్వితీయ శ్రేణిలో నెగ్గిన విద్యార్థికి మధ్య ఉద్యోగమిచ్చేవారు ఎవరిని ఎన్నుకొంటారు, ఏ ఆధారంతో ఎన్నుకొంటారు? ఫుట్‌బాల్‌లో ఈ ప్రశ్న లెక్కలతో సహా మన కళ్లెదుట నిలుస్తుంది కనుకనే దీనిని చేపట్టాము.

అమెరికాలో రెండు కళాశాలల మధ్య మొట్టమొదటి ఫుట్‌బాల్ ఆట 1869 నవంబరు 6వ తేదీన రట్గర్స్, ప్రిన్స్‌టన్ విద్యాలయాల మధ్య జరిగింది. రట్గర్స్ 6-4తో గెలిచింది. అటుతర్వాత ఆట వ్యాపించిన కొద్దీ సమీప ప్రాంతాల విశ్వవిద్యాలయాలు కూటములుగా ఏర్పడి తమలో తాము ఆడుకొనసాగాయి. వీటినే కాన్ఫరెన్సులంటారు. నేడు బిగ్ టెన్ అని పిలువబడే కూటమి 1896 నాటిది. దక్షిణ రాష్ట్రాల ఎస్.ఇ.సి. కూటమి 1932లో ఏర్పడింది. 2024లో ప్రథమ స్థాయి జట్లు 134. సాధారణంగా ఒక్కొక్క జట్టు ఆడేది పన్నెండు ఆటలు. వాటిలో ఎనిమిదో తొమ్మిదో తన కాన్ఫరెన్సు లోపలివే.

ఇప్పుడు లెక్క వేద్దాము. 134 జట్లను రెండేసి చొప్పున జతపరిస్తే 8,911 జతలు వస్తాయి. నిజంగా జరిగే ఆటలు సుమారు ఎనిమిది వందలు. అనగా పదింట తొమ్మిది జతలకు పైగా అసలు తలపడనే తలపడవు. ప్రతివారూ ప్రతివారితో ఆడే లీగు పోటీలలో చివర పట్టిక చూస్తే చాలు, ర్యాంకు దానంతట అదే తెలుస్తుంది. ఇచ్చట పట్టికలో నిండిన గళ్ల కంటె ఖాళీ గళ్లే ఎక్కువ.

అంతకంటె ముఖ్యమైన సూక్ష్మం ఒకటున్నది. దానిని గ్రహించనిదే ఈ వివాదం బోధపడదు. పదహారు జట్లున్న ఒక కాన్ఫరెన్సును తీసుకొందాము. ప్రతి జట్టు లోపలివారితో ఎనిమిది ఆటలాడితే మొత్తం అరవైనాలుగు ఆటలు. అరవైనాలుగు గెలుపులు, అరవైనాలుగు ఓటములు. ఆ పదహారు జట్లలో దేశంలోని మహామల్లులందరూ ఉన్నా ఇంతే, బడిపిల్లలు ఉన్నా ఇంతే. లోపలి ఆటల ఫలితాలను ఎంతకాలం తిరగవేసినా ఆ కాన్ఫరెన్సు బలమైనదో బలహీనమైనదో వాటివల్ల తెలియదు. ఇతర కాన్ఫరెన్సుల వారితో ఆడే మూడు నాలుగు ఆటలే ఆ సంగతి చెప్పగలవు. అవే రెండు ఒడ్లను కలిపే వంతెనలు. ఆ ఉన్న కొద్ది వంతెనలలోనూ చాలా భాగం బలవంతులు ధనమిచ్చి పిలిపించుకొన్న చిన్న జట్లతో తమ మైదానంలో ఆడే ఆటలు. సమ ఉజ్జీల మధ్య జరిగేవి ఏ కొద్దియో.

ఈ లోటును మొదట పూడ్చజూచినవాడు ఒక ఆర్థికశాస్త్ర ఆచార్యుడు. ఇలినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రాంక్ డికిన్సన్ 1926లో ప్రత్యర్థుల బలాబలాలను బట్టి గెలుపులకు విలువ కట్టే పద్ధతి ఒకటి ప్రకటించాడు. తర్వాత 1936 నుండి అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ క్రీడా విలేఖరుల ఓట్లతోను, 1950 నుండి యునైటెడ్ ప్రెస్ వారు శిక్షకుల ఓట్లతోను వారం వారం జాబితాలు వెలువరించసాగారు. శిక్షకుడే తన జట్టుకు, తన ప్రత్యర్థుల జట్లకు ఓటు వేయటమన్నది, తండ్రి తన కుమారుని జవాబుపత్రాన్ని దిద్దటం వంటిదని మా అభిప్రాయం. అయినా ఆ పద్ధతి నిరాటంకంగా సాగుతూనే ఉన్నది.

విలేఖరుల జాబితాకు మరొక దోషమున్నది. 1950 నుండి ఆటలు మొదలుకాక మునుపే తొలి జాబితా వెలువడుతున్నది. ఒక్క ఆటయినా ఆడని జట్లకు ర్యాంకు ఎట్లా ఇస్తారు? కీర్తిని బట్టి, నిరుటి ఫలితాన్ని బట్టి. ఆ తర్వాత గెలిచినవారు మెట్టెక్కుతారు, ఓడినవారు దిగుతారు. కాని ఎవరు ఏ మెట్టు మీద ప్రారంభించారన్నది చివరివరకు వారిని అంటిపెట్టుకొనే ఉంటుంది. ఒక కాన్ఫరెన్సువారు ఆరంభంలో ఆరేడుమంది పై మెట్లమీద ఉన్నారనుకొందాము. వారిలో ఒకడు మరొకని గెలిస్తే ఘనవిజయం. ఓడితే, గొప్పవాని చేతిలో ఓడాడు గనుక ఓటమి కూడ గౌరవప్రదమే. చిన్న కాన్ఫరెన్సువాడు గెలిస్తే ఎవరిమీద గెలిచాడని ప్రశ్న. ఓడితే వాని సంగతి అంతటితో సమాప్తం.

1984లో జరిగినది చూడండి. యూటా రాష్ట్రంలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం వారు పెద్దగా పేరులేని ఒక పడమటి కాన్ఫరెన్సుకు చెందినవారు. ఆ ఏటి తొలి ఆటలో వారు మూడవ ర్యాంకులో ఉన్న పిట్స్‌బర్గును వారి ఊరిలోనే 20-14తో ఓడించారు. దేశం నివ్వెరపోయింది. కాని ఏడాది ముగిసేసరికి పిట్స్‌బర్గు సాధించినవి మూడు గెలుపులు, ఏడు ఓటములు, ఒక డ్రా. అనగా ఆ మూడవ ర్యాంకు ఉత్త కీర్తి మాత్రమే! బ్రిగమ్ యంగ్ మాత్రం ఓటమి ఎరుగక పదమూడు ఆటలూ గెలిచింది. ఆఖరి ఆట హాలిడే బౌల్‌లో మిషిగన్‌ను 24-17తో గెలిచింది. ఆ మిషిగన్ ఏడాదంతా కలిపి ఆరు గెలిచి ఆరు ఓడిన సామాన్యపు జట్టు. ఒక్కటే ఓటమితో బలమైన ప్రత్యర్థులను గెలిచి వచ్చిన వాషింగ్టనుకు మొదటి స్థానం దక్కాలని చాలామంది వాదించారు. ఓటర్లు బ్రిగమ్ యంగ్‌కే పట్టం కట్టారు. ఆ నిర్ణయం ఒప్పో తప్పో నలభై ఏళ్లు దాటినా తేలలేదు.

తేలకపోవటానికి కారణమేమి? ఇందులో రెండు ప్రశ్నలు కలగలిసి ఉన్నవి. ఎవరు సమర్థులు అన్నది ఒకటి. ఎవరు అర్హులు అన్నది రెండవది. మొదటిది రేపటి సంగతి: ఈ ఇద్దరూ రేపు తలపడితే ఎవరు గెలుస్తారు? రెండవది నిన్నటి సంగతి: వీరు తమకు ఎదురైనవారి మీద సాధించినదేమిటి? మొదటిదానికి జవాబు ఊహ. రెండవదానికి జవాబు లెక్క. వాదించేవారు తమకు అనుకూలమైనపుడు ఒకదాని మీదినుండి మరొకదాని మీదికి దూకుతూ ఉంటారు. వాషింగ్టను పక్షంవారు సామర్థ్యాన్ని, బ్రిగమ్ యంగ్ పక్షంవారు అర్హతను గురించి మాట్లాడారు. ఒకరి మాట ఒకరికి వినిపించలేదు.

పోనీ, ముఖాముఖి ఫలితాలనే ప్రమాణంగా గైకొందామా? అదీ కుదరదు. 2008లో బిగ్ ట్వెల్వ్ కాన్ఫరెన్సులో టెక్సస్ జట్టు ఓక్లహోమాను 45-35తో ఓడించింది. టెక్సస్ టెక్ జట్టు టెక్సస్‌ను 39-33తో ఓడించింది. ఓక్లహోమా జట్టు టెక్సస్ టెక్‌ను 65-21తో చిత్తు చేసింది. ముగ్గురికీ ఒక్కొక్కటే ఓటమి. వలయానికి మొదలేది, చివరేది? అప్పటి ర్యాంకుల లెక్క ప్రకారం ఓక్లహోమా ముందుకు పోయి, ఆఖరి పోరులో ఫ్లారిడా చేతిలో 24-14తో ఓడింది. తాము ఓడించినవారు తమను దాటిపోవటం టెక్సస్ వారికి నేటికీ మింగుడుపడదు. ఒకే కాన్ఫరెన్సులో పక్కపక్కన ఉన్నవారి గతే ఇట్లున్నపుడు, వాడు వీనిని గెలిచె, వీడు మరొకనిని గెలిచె, కావున వాడే అధికుడని గొలుసు అల్లుకుంటూ కాన్ఫరెన్సులు దాటి పోవటం ఎంతవరకు సమంజసం?

మనుషులకు పక్షపాతం తప్పదు గనుక గణితాన్ని ఆశ్రయించారు. 1998లో ఏర్పడిన బి.సి.ఎస్. అనే వ్యవస్థ ఓటర్ల జాబితాలను, కంప్యూటర్ల లెక్కలను కలిపి, ఆఖరి పోరుకు ఇద్దరిని ఎంపిక చేసేది. ఆ లెక్కలలో వెస్లీ కాలీ అనే ఖగోళ భౌతిక శాస్త్రజ్ఞుని పద్ధతి మా విద్యార్థులకు సులభంగా బోధపడుతుంది. ఆటే ఆడని జట్టుకు విలువ సగం. ఆడిన తర్వాత గెలుపుల సంఖ్యకు ఒకటి, ఆటల సంఖ్యకు రెండు కలిపి భాగిస్తారు. కనుక ఒక ఆట ఆడి గెలిచినవారికి మూడింట రెండు వంతులు, ఓడినవారికి మూడింట ఒక వంతు. ఇది ఫ్రెంచి గణితవేత్త లాప్లాసు నాటి సూత్రం. దీనిపై ప్రత్యర్థుల విలువను బట్టి సవరణ చేస్తారు. ప్రత్యర్థి విలువ అతని ప్రత్యర్థుల మీద, వారిది మరొకరి మీద ఆధారపడుతుంది గనుక జట్లెన్నో అన్ని సమీకరణాలను ఒక్కసారిగా సాధించవలసి ఉంటుంది. ఇంటర్మీడియేట్‌లో మూడు అజ్ఞాత రాశులతో తంటాలు పడినవారికి నూటముప్పై అజ్ఞాత రాశులంటే ఏమో ఊహించుకోవచ్చును!

ఈ పద్ధతిలో మాకు నచ్చిన గుణం, యంత్రానికి కీర్తి వినిపించదు. జట్టు పేరు, ఊరు, చరిత్ర దానికి తెలియవు. అయితే వంతెనలు లేనిచోట అదీ గుడ్డిదే. కాన్ఫరెన్సుల మధ్య ఆటలు కొద్దిగా ఉంటే ఆ కొద్ది ఆటల మీదనే మొత్తం భారం మోపుతుంది. పైగా మనుషులకు యంత్రపు తీర్పు నచ్చనపుడల్లా సూత్రాన్ని మార్చారు. 2001లో నెబ్రాస్కా జట్టు కొలరాడో చేతిలో 62-36తో ఓడి కూడ కంప్యూటర్ల చలవతో ఆఖరి పోరుకు చేరి, మయామీ చేతిలో 37-14తో భంగపడింది. మరుసటి ఏటినుండి ఎంత తేడాతో గెలిచారన్నది లెక్కలోకి తీసుకోరాదన్నారు. 2003లో ఓటర్లు మొదటి స్థానమిచ్చిన సదరన్ కాలిఫోర్నియా జట్టును కంప్యూటర్లు వెనుకకు నెట్టాయి. ఆఖరి పోరులో లూసియానా స్టేట్ గెలిచి కిరీటం ధరించినా, అసోసియేటెడ్ ప్రెస్ వారు సదరన్ కాలిఫోర్నియాయే విజేత అన్నారు. ఒకే ఏడు ఇద్దరు రాజులు! వెనువెంటనే యంత్రాల పాలు తగ్గించారు.

ఇంతలో 2007 సెప్టెంబరు 1వ తేదీన ఒక విడ్డూరం జరిగింది. అయిదవ ర్యాంకులో ఉన్న మిషిగన్ వారు తమ మైదానానికి ఆపలేచియన్ స్టేట్ అనే చిన్న జట్టును పిలిపించుకొన్నారు. అది తక్కువ కాన్ఫరెన్సు జట్టు కూడ కాదు, రెండవ స్థాయి విభాగపు జట్టు. మిషిగన్ 34-32తో ఓడింది. ఆ వారం మిషిగన్ ఇరవై అయిదు జట్ల జాబితా నుండే తొలగిపోయింది. రెండవ స్థాయి జట్లకు ఓటు వేయరాదన్న తమ నియమాన్ని అసోసియేటెడ్ ప్రెస్ వారు మార్చుకొన్నారు. ఒక ఆటతో చిన్న జట్లన్నీ పెద్దవైపోవు. కాని చిన్న జట్టుకు ఆడే అవకాశం వస్తేనే గదా ఆ ఒక్క ఆటయినా లోకానికి తెలిసేది!

2017లో సెంట్రల్ ఫ్లారిడా జట్టుకు అసలు అవకాశమే రాలేదు. పదమూడు ఆటలాడి పదమూడూ గెలిచిన జట్టది. చివరి ఆటలో వారు ఓడించిన ఆబర్న్ జట్టు, ఆఖరి పోరుకు చేరిన అలబామా, జార్జియాలను ఇద్దరినీ ఆ ఏడు ఒక్కొక్కసారి ఓడించినది. విజేత అలబామా అని లోకమన్నది. కాలీ గారి లెక్క మాత్రం సెంట్రల్ ఫ్లారిడాకే ప్రథమ స్థానమిచ్చింది. ఆ ఊరివారు విజయోత్సవ ఊరేగింపు కూడ జరుపుకొన్నారు. చిన్న కాన్ఫరెన్సు నుండి నాలుగు జట్ల ప్లేఆఫ్‌కు మొదటగా చేరినది 2021లో సిన్సినాటి. అది అలబామా చేతిలో 27-6తో ఓడింది.

2014 నుండి ఎంపిక భారం పదముగ్గురు సభ్యుల కమిటీ వహిస్తున్నది. కమిటీ అనగానే తలుపులు మూసుకొని చర్చించటం సర్వత్ర సామాన్యమే. మన కళాశాల కమిటీ పెద్దలు మన్నింతురు గాక! మొదటి ఏడాదే మూడవ స్థానంలో ఉన్న టెక్సస్ క్రిస్టియన్ జట్టు 55-3తో గెలిచిన మరునాడు ఆరవ స్థానానికి దిగిపోయింది. నాలుగవ స్థానం ఒహాయో స్టేట్‌కు దక్కింది. వారే చివరకు విజేతలైనారు. కమిటీ సమర్థించబడిందా? సామర్థ్యం దృష్ట్యా సమర్థించబడింది. టెక్సస్ క్రిస్టియన్‌కు ఆ అవకాశమిస్తే ఏమయ్యేదో ఎవరు చెప్పగలరు?

అన్నింటికంటె కఠినమైన తీర్పు 2023 డిసెంబరులోది. ఫ్లారిడా స్టేట్ పదమూడు ఆటలూ గెలిచి, ప్రధాన కాన్ఫరెన్సులలో ఒకటైన ఎ.సి.సి.లో విజేతగా నిలిచింది. ఐనా నాలుగు స్థానాలలో దానికి చోటు లేదు. ముఖ్యమైన ఆటగాడు గాయపడినందువల్ల జట్టు మునుపటి జట్టు కాదని కమిటీవారు కారణం చెప్పారు. ఒక ఓటమి ఉన్న అలబామాకు చోటిచ్చారు. ఆ తర్వాత బౌల్ ఆటలో ఫ్లారిడా స్టేట్ జార్జియా చేతిలో 63-3తో ఓడింది. చూచారా, మేమన్నది నిజమైందని కొందరన్నారు. ఆ ఆటకు సగానికి సగం ముఖ్య ఆటగాళ్లు రాలేదన్నది వారు మరచారు. మా దృష్టిలో అక్కడ జరిగినది అన్యాయమే. సంవత్సరమంతా ఆడిన ఆటలు లెక్క. గాయం వల్ల రేపు ఓడవచ్చునన్నది ఊహ. ప్రవేశానికి లెక్కను ప్రమాణంగా తీసుకొని, సామర్థ్యాన్ని మైదానానికి వదలివేయటం న్యాయం. ఊహతో ప్రవేశం నిరాకరిస్తే ఆ ఊహ తప్పని నిరూపించే మార్గం కూడ మూసుకొనిపోతుంది.

2024 నుండి ప్లేఆఫ్‌కు పన్నెండు జట్లు. వాటిలో అయిదు స్థానాలు కాన్ఫరెన్సు విజేతలకు. మొదటి నాలుగు స్థానాలు కూడ విజేతలకే కేటాయించి, వారికి తొలి రౌండు ఆట లేకుండా సెలవిచ్చారు. ఆ నలుగురూ తమ మొదటి ఆటలోనే ఓడటంతో 2025లో ఆ కేటాయింపు తొలగించి నేరుగా ర్యాంకు ప్రకారమే స్థానాలిచ్చారు. ఇంతలో కాన్ఫరెన్సుల స్వరూపమే మారిపోయింది. టెలివిజను ధనం కోసం పసిఫిక్ తీరపు పాత కూటమి నుండి పది జట్లు తరలిపోయి, రెండే మిగిలాయి. బిగ్ టెన్‌లో పేరుకు పది, ఉన్నవి పద్దెనిమిది. ఒక్కొక్కరికి పదిహేడుమంది సాటివారు, ఆడేది తొమ్మిదిమందితో. ఇంతకుమునుపు కాన్ఫరెన్సుల మధ్యనే వంతెనలు కొరవడేవి. ఇప్పుడు ఒకే ఇంటివారు కూడ ఒకరినొకరు చూచుకోని పరిస్థితి వచ్చినది.

ఈ మార్పు ఫలితమే 2024లో ఇండియానా జట్టుపై వచ్చిన విమర్శ. దీర్ఘకాలంగా ఓటములకు పేరుపడ్డ ఆ జట్టు పన్నెండింట పదకొండు గెలిచింది. కాని తన కూటమిలోని ఆరెగన్, పెన్ స్టేట్ జట్లతో దానికి ఆటలే పడలేదు. ఆడిన బలవంతుడు ఒహాయో స్టేట్ చేతిలో ఓడింది. ప్లేఆఫ్ తొలి ఆటలో నోటర్ డేమ్ చేతిలో 27-17తో ఓడేసరికి, ఇట్టి జట్టుకు చోటెందుకిచ్చారని విమర్శకులు విరుచుకుపడ్డారు. మూడు ఓటములున్న అలబామాకు ఇవ్వవలసినదన్నారు.

మరుసటి ఏడు చివరి స్థానాల విషయమై మయామీ, నోటర్ డేమ్ జట్ల మధ్య తగవు వచ్చింది. ఇద్దరికీ పది గెలుపులు, రెండు ఓటములు. తొలి ఆటలో మయామీ 27-24తో నోటర్ డేమ్‌ను ఓడించినా, కమిటీ వారాల తరబడి నోటర్ డేమ్‌నే పైన ఉంచి, ఆఖరి రోజున మయామీని పైకి తెచ్చింది. నోటర్ డేమ్ వారు కోపించి బౌల్ ఆటే మాకు వద్దన్నారు. అంచున నిలిచి లోపలికి వచ్చిన మయామీ ఆఖరి పోరు వరకు పోయి, 2026 జనవరిలో 27-21తో ఓడింది. ఓడించినది ఇండియానా. ఆ ఏడు ఆడిన పదహారు ఆటలూ గెలిచింది.